తగ్గించుకున్న బరువు తిరిగి వస్తోంది: శరీరంలోని కొవ్వు పనిచేసే తీరు తెలిసినవారు వివరించగలరా?

పెన్నాతీరం (నెల్లూరు) అడిగిన ప్రశ్న:

సభ్యులందరికీ నమస్కారం. నా వయసు 44 ఏళ్ళు, ఎత్తు 157 సెంటీమీటర్లు. ఒక ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తున్నాను. మూడేళ్ళ కిందట నా బరువు 78 కిలోలు ఉండేది. రక్తపరీక్ష చూసిన వైద్యురాలు షుగరు వ్యాధి గడప దాకా వచ్చిందని హెచ్చరించడంతో భయపడి, రాత్రి అన్నం పూర్తిగా మానేసి, పగటి భోజనాన్ని సగం చేసి, ప్రతి ఉదయం గంటసేపు నడిచి, ఎనిమిది నెలల్లో 64 కిలోలకు దిగాను. పాత జాకెట్లన్నిటికీ కొత్తగా కుట్లు వేయించుకున్నాను. ఆ తరువాతి రెండేళ్ళలో పది కిలోలు తిరిగి వచ్చాయి. మునుపటిలా తింటున్నానని నాకు ఎన్నడూ అనిపించలేదు. అయినా ఈరోజు 74 దగ్గర ఉన్నాను, వేయించిన కుట్లన్నీ విప్పించవలసి వచ్చింది.

బరువు కంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టింది ఆకలి. 78 కిలోలు ఉన్నప్పుడు నేను ఎరగని ఆకలి 64 కిలోలకు వచ్చాక మొదలైంది. భోజనమై గంట గడవకముందే మనసు వంటింటివైపు పోయేది. తరగతిలో లెక్క చెబుతున్నప్పుడు కూడా డబ్బాలో మిగిలిన ఉప్మా గుర్తుకు వచ్చేది. ఇంట్లోవారు నోరు కట్టుకోలేకపోతున్నావని అన్నప్పుడు అది నిజమేనని నమ్మి చాలా రోజులు సిగ్గుపడ్డాను.

నేను తెలుసుకోదలచినవి ఇవి. బరువు తగ్గినప్పుడు కొవ్వు కణాలు నశిస్తాయా, లేక అక్కడే ఉంటాయా? ఆకలి అంతగా పెరగడానికి శరీరంలో కారణం ఏదైనా ఉందా? మా వారు నాతో సమానంగా, ఒక్కోసారి నాకంటే ఎక్కువగా తిన్నా ఏళ్ళ తరబడి అదే బరువులో ఎలా ఉన్నారు? మళ్ళీ ప్రయత్నించి మళ్ళీ పెరిగితే ఇంకా హాని కలుగుతుందా? శాస్త్రం చదివినవారు, అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జీవరసాయనం (కాకినాడ):

పెన్నాతీరం గారికి నమస్కారం. డిగ్రీ కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. వైద్యుడిని కాను గనుక చికిత్స జోలికి పోకుండా, మీరు అడిగిన మొదటి రెండు ప్రశ్నలకు నాకు తెలిసినంత చెబుతాను. ముందుగా ఒక మాట: మీరు రాసిన ఆకలి మీ ఊహ కాదు. దాన్ని రక్తంలో కొలిచి చూశారు.

కొవ్వు కణాన్ని ఒక గాదె అనుకోండి. కణంలో ఎక్కువ భాగాన్ని ట్రైగ్లిజరైడ్ అనే కొవ్వు బొట్టు ఆక్రమించుకుని, కేంద్రకాన్ని ఒక అంచుకు నెట్టివేస్తుంది. మనం తగ్గినప్పుడు గాదెలోని ధాన్యం ఖర్చవుతుంది, గాదె మాత్రం కూలిపోదు. ఈ సంగతిని తేల్చినవారు స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థకు చెందిన కిర్‌స్టీ స్పాల్డింగ్, ఆమె సహచరులు. 1955 నుండి 1963 వరకు వాతావరణంలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఒక్కసారిగా పెరిగి, ఆ తరువాత ఏటా తగ్గుతూ వచ్చింది. ఒక కణం పుట్టిన సంవత్సరంలో గాలిలో ఎంత కార్బన్-14 ఉందో ఆ గుర్తు దాని డీఎన్‌ఏలో నిలిచిపోతుంది కాబట్టి, ఆ గుర్తును చదివి కొవ్వు కణాల వయసు లెక్కగట్టారు. 2008లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం, కొవ్వు కణాల సంఖ్య బాల్యంలోను, కౌమారంలోను స్థిరపడి, పెద్దయ్యాక దాదాపు మారదు. ఏటా సుమారు 10 శాతం కణాలు చనిపోతాయి, వాటి స్థానంలో అన్నే కొత్తవి పుడతాయి. బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిని రెండేళ్ళ తరువాత పరీక్షిస్తే కణాల పరిమాణం తగ్గింది గాని, సంఖ్య తగ్గలేదు. మీరు 64 కిలోలకు వచ్చినప్పుడు మీ శరీరంలో ఉన్నవి 78 కిలోలనాటి గాదెలే, చాలావరకు ఖాళీగా.

ఖర్చయిన కొవ్వు ఎక్కడికి పోయిందని చాలామంది అడుగుతారు. చెమటగానో, విసర్జనగానో పోతుందని నా విద్యార్థులు కూడా అనుకునేవారు. ఆస్ట్రేలియాకు చెందిన మీర్‌మన్, బ్రౌన్ 2014లో చూపిన లెక్క ప్రకారం, 10 కిలోల కొవ్వు పూర్తిగా కరిగితే 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా ఊపిరితిత్తుల ద్వారానే బయటికి పోతుంది, మిగిలిన 1.6 కిలోలు నీరుగా మారుతుంది. మొదటి వారంలో దిగే రెండు మూడు కిలోలలో చాలా భాగం మాత్రం కొవ్వు కాదు. కాలేయంలోను, కండరాల్లోను నిలువ ఉన్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం, దానితో ముడిపడి ఉన్న నీరు. ఆ తొలి వేగం తరువాత నిలవకపోవడం సహజమే.

ఇక ఆకలి విషయం. కొవ్వు కణం ఊరికే నిలువ చేసే సంచి కాదు, హార్మోన్లను విడుదల చేసే అవయవంలో భాగం. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోనును సంకేతించే జన్యువును కనుగొంది. నిండిన కణాలు లెప్టిన్‌ను ఎక్కువగా, ఖాళీ అయిన కణాలు తక్కువగా విడుదల చేస్తాయి. మెదడులోని హైపోథాలమస్ దాన్ని చూసి నిలువ ఎంత ఉందో గ్రహిస్తుంది. లెప్టిన్ కనుగొన్న కొత్తలో దాన్ని మందుగా ఇస్తే స్థూలకాయం పోతుందని ఆశపడ్డారు. పుట్టుకతోనే లెప్టిన్ లేని అరుదైన పిల్లల్లో అది అద్భుతంగా పనిచేసింది. మామూలుగా లావైన వారిలో మాత్రం లెప్టిన్ ముందే పుష్కలంగా ఉంటుంది, మెదడు దానికి సరిగా స్పందించదు. అంటే ఈ ఏర్పాటు లావెక్కకుండా ఆపడంలో బలహీనం, నిలువ తరగకుండా కాపాడడంలో బలవత్తరం. కరవు కాటకాల మధ్య మనుగడ సాగించిన జీవికి ఏది అవసరమో అదే మనకు మిగిలిందని నేను భావిస్తాను.

మెల్‌బోర్న్‌లో సుమిత్రన్, ప్రొయెట్టో తదితరులు 2011లో ప్రచురించిన అధ్యయనాన్ని మీరు తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే అది దాదాపు మీ కథే. 50 మంది పది వారాల కఠిన ఆహార నియమంతో సగటున 13.5 కిలోలు తగ్గారు. లెప్టిన్ పడిపోయింది, పొట్టలో పుట్టి ఆకలిని రేపే గ్రెలిన్ పెరిగింది, కడుపు నిండిందని చెప్పే పీవైవై, కోలిసిస్టోకైనిన్ వంటివి తగ్గాయి. ఆశ్చర్యం అక్కడ లేదు. మొదలుపెట్టిన 62 వారాల తరువాత కొలిచినా ఆ మార్పులు చాలావరకు అలాగే ఉన్నాయి, ఆకలి కూడా అలాగే ఉంది. ఏడాది గడిచినా శరీరం కొత్త బరువును తనదిగా ఒప్పుకోలేదన్నమాట.

ఖర్చు వైపు కూడా ఇదే జరుగుతుంది. అమెరికాలో బరువు తగ్గే పోటీని చూపిన ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని కెవిన్ హాల్ బృందం ఆరేళ్ళ తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు వెల్లడించింది. 30 వారాల్లో సగటున 58 కిలోలు తగ్గినవారు ఆరేళ్ళలో సగటున 41 కిలోలు తిరిగి పెరిగారు. అయినా విశ్రాంతిలో వారి శరీరం ఖర్చు చేసే శక్తి, ఆ శరీరానికి ఉండవలసినదానికంటే రోజుకు సుమారు 500 కిలో కేలరీలు తక్కువగానే ఉంది. ఇది మితిమీరిన వేగంతో తగ్గినవారి సంగతి గనుక అందరికీ ఇంత ఉంటుందని భయపడనవసరం లేదు. హాల్ బృందమే వేరొక విశ్లేషణలో, తగ్గిన ప్రతి కిలోకు శక్తి ఖర్చు రోజుకు 20 నుండి 30 కిలో కేలరీలు పడిపోతే, తినాలనే కోరిక సుమారు 100 కిలో కేలరీల మేరకు పెరుగుతుందని అంచనా వేసింది. జీవక్రియ మందగించిందని అందరూ వాపోతారు గాని, అసలు బలం ఆకలిదే. మీరు దాన్ని సరిగానే గుర్తించారు.

సూటిమాట (అనంతపురం):

పెద్దలు ఇంత శాస్త్రం చెప్పాక నేను ఎదురు చెబుతున్నందుకు క్షమించాలి. తిన్నదానికంటే ఎక్కువ ఖర్చు చేస్తే బరువు తగ్గుతుంది, తక్కువ చేస్తే పెరుగుతుంది. ఈ సూత్రాన్ని దాటిన శరీరం లేదు. నేను నిరుడు తొమ్మిది కిలోలు తగ్గాను, ఇంతవరకు పెరగలేదు. హార్మోన్ల మీదికి నెట్టివేస్తే ప్రయత్నించేవారు కూడా చేతులెత్తేస్తారని నాకు నిజంగా దిగులుగా ఉంది. క్రమశిక్షణ గురించి ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి కదా?

జీవరసాయనం (కాకినాడ):

సూటిమాట గారూ, మీ దిగులు న్యాయమైనదే, మీరు చెప్పిన సూత్రం కూడా సత్యమే. నేను దానికి చేర్చేది ఒక్కటే: త్రాసులోని రెండు పళ్ళేలు మన చేతిలో స్థిరంగా ఉండవు. ఒకదాన్ని కదిలిస్తే శరీరం రెండోదాన్ని కదిలిస్తుంది.

పెన్నాతీరం గారి మూడో ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే ఉంది. 1990లో క్లాడ్ బూషార్ బృందం కెనడాలో 12 జతల ఒకే పోలిక కవలలకు, వారంలో ఆరు రోజుల చొప్పున మొత్తం 84 రోజులు, అవసరానికి మించి రోజుకు 1,000 కిలో కేలరీలు పెట్టింది. అందరికీ అదనంగా అందినది ఒకటే. పెరిగిన బరువు మాత్రం 4.3 కిలోల నుండి 13.3 కిలోల వరకు ఉంది. ఒక జతలోని ఇద్దరూ దాదాపు ఒకేలా పెరిగారు, జతకూ జతకూ మధ్య పెద్ద తేడా వచ్చింది. ఆ జతలలో ఎవరి క్రమశిక్షణను ఎవరితో పోల్చగలం? ఒకే ముద్ద మీ వారి శరీరంలో వేడిగానో, తెలియకుండా చేసే కదలికలుగానో ఖర్చయిపోవచ్చు, మీ శరీరంలో నిలువగా మారవచ్చు. పురుషులలో కండ ఎక్కువ కావడం కూడా ఒక కారణం.

మళ్ళీ మళ్ళీ తగ్గి పెరగడం గురించి అడిగారు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో, 1944–45లో, మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాలపాటు అరకొర తిండి పెట్టి పరిశీలించాడు. వారు దాదాపు నాలుగో వంతు బరువు కోల్పోయారు, పగలూ రాత్రీ తిండి గురించే ఆలోచించారు, వంటల పుస్తకాలు సేకరించినవారు కూడా ఉన్నారు. మళ్ళీ తిండి దొరికినప్పుడు కొవ్వు త్వరగా తిరిగి వచ్చింది, కండ మెల్లగా వచ్చింది. తరగతిలో మీకు గుర్తుకు వచ్చిన ఉప్మాకు, వారి వంటల పుస్తకాలకు మూలం ఒకటే. వారు సంకల్పబలం లేనివారు కారు. యుద్ధంలో ఆయుధం పట్టబోమని అంతరాత్మ ప్రబోధంతో నిరాకరించి, దానికి బదులుగా స్వచ్ఛందంగా ఈ కష్టానికి ముందుకు వచ్చినవారు.

ఆహారలెక్క (హైదరాబాద్):

పోషకాహార నిపుణురాలిగా పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. పైన చెప్పిన పరిశోధనలన్నీ విదేశాలవి గనుక మన శరీరాల గురించి కొంత చేర్చడం అవసరమనిపించింది.

పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన జాన్ యడ్‌కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే సూచిక) ఒకటే, 22.3. ఇద్దరూ చూడడానికి సన్నగానే ఉంటారు. కొవ్వు కొలిస్తే యడ్‌కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం ఉంది. వారిద్దరి ఛాయాచిత్రంతో ఈ సంగతి 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఈ తేడా పుట్టుకతోనే మొదలవుతుందని కూడా యాజ్ఞిక్ బృందం చూపింది: పుణే పరిసర గ్రామాల శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లాండులోని సౌతాంప్టన్ శిశువులది 3.5 కిలోలు, మన శిశువులలో కండ, పొట్టలోని అవయవాలు బాగా చిన్నవి, చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. అందుకే మనకు బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని హద్దులు తగ్గించారు. నడుము చుట్టుకొలత స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదని చెబుతారు.

కొవ్వు ఎంత ఉందన్నదానికంటే ఎక్కడ ఉందన్నది ముఖ్యం. తొడల్లో, పిరుదుల్లో చర్మం కింద చేరే కొవ్వు అంత ప్రమాదకారి కాదు. ఆ గాదెలు నిండిపోయాక మిగిలినది పొట్ట లోపలి అవయవాల చుట్టూ, కాలేయంలో, క్లోమంలో చేరుతుంది. అది ఇన్సులిన్ పనిని దెబ్బతీస్తుంది. చర్మం కింద నిలువ చేసుకునే శక్తి మనలో చాలామందికి తక్కువ కావడం వల్ల, తక్కువ బరువులోనే షుగరు వస్తోంది. నలభై దాటాక ఈస్ట్రోజెన్ తగ్గే కొద్దీ స్త్రీలలో కొవ్వు తొడల నుండి పొట్టవైపు మళ్ళుతుంది కాబట్టి మీ వయసులో దీనిపై దృష్టి పెట్టాలి. ఇందులోనే ఒక మంచి కూడా ఉంది: తగ్గడం మొదలుపెట్టినప్పుడు కాలేయంలోని కొవ్వు, పొట్ట లోపలి కొవ్వు ముందుగా కరుగుతాయి. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన డైరెక్ట్ అనే అధ్యయనంలో, బరువు తగ్గించే ఆహార నియమం పాటించిన షుగరు రోగుల్లో ఏడాది చివరికి 46 శాతం మందికి మందులు లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో అది 86 శాతం.

అంత తగ్గలేనివారు నిరాశపడనవసరం లేదని చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. షుగరు గడప మీద ఉన్న 531 మందిని దాదాపు మూడేళ్ళు పరిశీలించగా, ఆహారం సరిచేసుకుని నడక సాగించినవారిలో షుగరు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం తగ్గలేదు. నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ నేను ఈ సంగతి చెబుతాను, ఎందుకంటే త్రాసు ముల్లు కదలలేదని నడక మానేసినవారిని చాలామందిని చూశాను.

పెన్నాతీరం గారూ, మీ మొదటి ప్రయత్నంలో నాకు కనిపించిన లోటు ఒకటి ఉంది. అన్నం సగం చేసినప్పుడు దానితోపాటు పప్పు, పెరుగు కూడా సగమై ఉంటాయి. మాంసకృత్తులు చాలక, కండరాలకు పని చెప్పక తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. తిరిగి వచ్చేది ఎక్కువగా కొవ్వే. జాతీయ పోషకాహార సంస్థ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సిఫారసు చేస్తుంది. బరువు తగ్గేటప్పుడు, మూత్రపిండాలు బాగున్నవారికి, నేను ఒక గ్రాముకు కొంచెం పైనే సూచిస్తాను. రెండు పెసరట్లు, మధ్యాహ్నం గట్టి పప్పు, సాయంత్రం ఉడికించిన శనగలో, అలసందల గుగ్గిళ్ళో, రాత్రి కోడిగుడ్డో, పెరుగో ఉంటే అది కష్టం కాదు. కండ పెంచితే కూర్చున్న చోటే కొవ్వు కరిగిపోతుందని చెప్పేవారిని మాత్రం నమ్మవద్దు. విశ్రాంతిలో కిలో కండ రోజుకు 13 కిలో కేలరీలు, కిలో కొవ్వు 4.5 కిలో కేలరీలు ఖర్చు చేస్తాయి, తేడా అంతే. కండ విలువ వేరు: భోజనం తరువాత రక్తంలోకి వచ్చే గ్లూకోజును తీసుకునేది ఎక్కువగా అదే.

నూనె సంగతి కూడా చూడండి. లీటరు నూనెలో 8 వేల కిలో కేలరీలకు పైగా ఉంటాయి. కిలో శరీరపు కొవ్వు విలువ సుమారు 7,700. నెలకు ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు ఖర్చవుతున్నాయో, ఎందరు తింటున్నారో లెక్క రాసుకుంటే, గణితం చెప్పే మీకు నేను వేరే వివరించనక్కరలేదు.

వేకువనడక (హనుమకొండ):

నేను శాస్త్రం చదువుకోలేదు, విద్యుత్తు శాఖలో పనిచేస్తాను. 96 కిలోల నుండి 79కి దిగి ఏడేళ్ళయింది, 82 దాటలేదు. పెన్నాతీరం గారు రాసిన ఆకలి నాకు రెండేళ్ళకు పైగా ఉంది. ఇప్పుడు పూర్తిగా పోయిందని చెప్పలేను, దానితో బతకడం అలవాటయింది.

నాకు పనికివచ్చినవి చెబుతాను. ప్రతి సోమవారం ఉదయం బరువు చూసి గోడ క్యాలెండరు మీద రాస్తాను. 82 కనబడిన వారమే రాత్రి భోజనం సరిచేసుకుంటాను. 86 అయ్యేదాకా ఆగితే నా వల్ల కాదని, అంతకుముందు రెండుసార్లు తగ్గి పెరిగాక తెలిసింది. నడక రోజుకు గంట, వర్షం వస్తే మేడ మీద వరండాలో. తగ్గడానికి చేసిన నడక కంటే నిలబెట్టుకోవడానికి చేస్తున్న నడకే ఎక్కువ. అమెరికాలో 13 కిలోలకు పైగా తగ్గి ఏడాదికి మించి నిలబెట్టుకున్నవారి వివరాలను 1994 నుండి ఒక నమోదు పట్టికలో సేకరిస్తున్నారని, వారిలో ఎక్కువమంది రోజుకు దాదాపు గంట వ్యాయామం చేస్తారని, తరచుగా బరువు చూసుకుంటారని చదివినప్పుడు నాకు ఎంతో ధైర్యం కలిగింది. పెళ్ళిళ్ళలో, బతుకమ్మ, దసరా రోజుల్లో నేను వద్దనకుండా తింటాను. సద్దుల మలీదను కాదనుకుని బతకడం నాకు ఇష్టం లేదు. మరుసటి సోమవారం మాత్రం త్రాసు ఎక్కడం మానను.

పెన్నాతీరం (నెల్లూరు):

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. జీవరసాయనం గారు రాసినది మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మా వారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, ఇకమీదట ఆ మాట అననని చెప్పారు. నాకు అదొక్కటే చాలా పెద్ద ఊరట.

ఇంకొక సందేహం. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు వారానికి ఒకసారి వేసుకునే ఇంజెక్షన్ల గురించి చెబుతోంది. కొంతకాలం వేసుకుని బరువు తగ్గాక మానేయవచ్చా? అప్పటికైనా శరీరం కొత్త బరువుకు అలవాటు పడుతుందా?

ఆహారలెక్క (హైదరాబాద్):

మీ చెల్లెలు చెప్పినవి టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ అయి ఉంటాయి. బరువు కోసం వాడే రూపంలో ఇవి మన దేశంలో 2025లో అమ్మకానికి వచ్చాయి. భోజనం తరువాత పేగు విడుదల చేసే జీఎల్‌పీ-1 అనే హార్మోనును అనుకరించి మెదడులో ఆకలిని తగ్గిస్తాయి. అంటే, పైన చర్చించిన ఆ ఆకలి మీదనే పనిచేస్తాయి; వీటి బలానికి కారణం అదే. సెమాగ్లుటైడ్‌పై జరిగిన ప్రధాన అధ్యయనంలో 68 వారాలకు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గింది. అయితే మందు ఆపిన తరువాత ఒక్క ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. రక్తపోటు మాత్ర ఆపితే రక్తపోటు తిరిగి పెరిగినట్లే ఇదీను. కాబట్టి నాలుగు నెలలు వేసుకుని ఆపేద్దామనే ఆలోచనతో మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. మొదలుపెట్టాలా వద్దా అన్నది మీ షుగరు, థైరాయిడ్, క్లోమం చరిత్ర చూసి వైద్యురాలే నిర్ణయించాలి. వాడేవారిలో ఆకలి పోవడం వల్ల మాంసకృత్తులు మరింత తగ్గిపోయి కండ కరగడం నేను చూస్తున్నాను. ఆ జాగ్రత్త ఇక్కడ రెట్టింపు అవసరం.

జీవరసాయనం (కాకినాడ):

శరీరం అలవాటు పడుతుందా అన్న ప్రశ్నకు కొంత చేర్చుతాను. 2024 నవంబరులో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ సంస్థ పరిశోధకులు, లావు తగ్గిన తరువాత కూడా కొవ్వు కణాల కేంద్రకంలో పాత స్థితి గుర్తులు మిగిలి ఉంటున్నాయని చూపారు. ఎలుకలలో, ఆ గుర్తులున్న కణాలు కొవ్వు ఆహారం మళ్ళీ దొరికినప్పుడు మామూలు కణాల కంటే చురుకుగా దాన్ని పీల్చుకున్నాయి. మనుషులలో శస్త్రచికిత్సతో తగ్గి రెండేళ్ళయినవారి కణాలలో కూడా జన్యువుల పనితీరు పూర్తిగా మామూలు కాలేదు. ఏటా పదో వంతు కణాలు మారుతాయని ముందు చెప్పాను. అందువల్ల ఈ జ్ఞాపకం కాలక్రమంలో పలచబడవచ్చునని నా ఆశ. కిందికి దిగిన బరువును ఎంత ఎక్కువ కాలం పట్టి ఉంచగలిగితే అంత మంచిదనే నేను అనుకుంటున్నాను, అది 64 కాకపోయినా సరే. ఇప్పటి 74 నుండి 70కి వచ్చి ఐదేళ్ళు అక్కడే ఉండడం, మళ్ళీ 64కి వెళ్ళి రెండేళ్ళలో తిరిగి రావడం కంటే మేలని మీకు సూచిస్తాను.

సూటిమాట (అనంతపురం):

ఇవన్నీ చదివాక నా మాటలో కొంత కఠినత్వం ఉందని ఒప్పుకుంటున్నాను. నాకు తొమ్మిది కిలోలు తగ్గి ఏడాదే అయింది. వేకువనడక గారిలా నేనూ సోమవారం బరువు రాయడం మొదలుపెడతాను.

పెన్నాతీరం (నెల్లూరు):

70 కిలోలు అన్న అంకె విన్నాక మనసు తేలికపడింది. నిన్న టేపుతో నడుము కొలిస్తే ఒకసారి 93, ఒకసారి 89 వచ్చింది. ఏది రాసుకోవాలి?

ఆహారలెక్క (హైదరాబాద్):

చీర కుచ్చిళ్ళు దోపే చోట కొలిస్తే ఒక అంకె, బొడ్డు దగ్గర కొలిస్తే మరొకటి వస్తాయి. పక్కటెముకలలో చిట్టచివరిది, తుంటి ఎముక పైఅంచు వేలితో తడిమి గుర్తించి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు నేలకు సమాంతరంగా చుట్టండి. పొట్ట లోపలికి లాక్కోకుండా, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో, పరగడుపున చూడండి. నెలకు ఒకసారి చాలు, ప్రతిసారీ అదే చోట కొలిచి రాసుకోండి.